మీసం రాని యూదా: దర్శకుడు షాకా కింగ్‌కు బహిరంగ లేఖ

షాకా కింగ్ గారికి,

నేను నేపర్‌విల్‌లో ఉంటాను. ఉద్యోగం చికాగో నడిబొడ్డున. ఇంటి నుంచి బయల్దేరి ఐ-88 మీద కొంతదూరం వచ్చాక ఐసెన్‌హోవర్ ఎక్స్‌ప్రెస్‌వేలో కలుస్తాను. ఇక్కడివాళ్లు దాన్ని ‘ఐక్’ అని పిలుచుకుంటారు. మేవుడ్ దాటి, ఫారెస్ట్ పార్క్ దాటాక రోడ్డు నడుమ బ్లూ లైన్ రైలు మన పక్కనే పరుగెడుతుంది. ఇరవయ్యేళ్లుగా ఆ దారిన పోతున్నాను, వస్తున్నాను. ఏ ఎగ్జిట్ దగ్గర ట్రాఫిక్ ఆగుతుందో తప్ప ఆ రోడ్డు గురించి నాకు ఇంకేమీ తెలియదు.

2021 ఫిబ్రవరిలో, థియేటర్‌కు వెళ్లడానికి ఇంకా భయపడుతున్న రోజుల్లో, మీ ‘జూడస్ అండ్ ద బ్లాక్ మెస్సయా’ ఇంట్లోనే చూశాను. చూశాక దొరికిందల్లా చదివాను. చదివేకొద్దీ నా దారి నాకు కొత్తగా కనబడటం మొదలైంది. బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడు ఫ్రెడ్ హ్యాంప్టన్ పెరిగిన మేవుడ్ ఆ రోడ్డు పక్కనే ఉంది. అతణ్ణి పోలీసులు కాల్చి చంపిన 2337 వెస్ట్ మన్రో స్ట్రీట్‌కు వెస్టర్న్ అవెన్యూ ఎగ్జిట్ దగ్గర దిగితే నాలుగైదు వీధులు. అతణ్ణి పట్టించిన విలియం ఓనీల్ 1990 జనవరి 15న వాహనాలకు ఎదురు పరుగెత్తి ప్రాణం తీసుకున్నది కూడా ఆ రోడ్డు మీదే. కాఫీ కప్పు చేతిలో పట్టుకుని, రేడియో పెట్టుకుని ఎన్ని వేలసార్లు ఈ మూడు చోట్లనూ దాటి ఉంటానో!

మీకు తెలియని భాషలో ఈ ఉత్తరం రాయడానికి కారణం ఉంది. నేను పుట్టింది వరంగల్ వైపు ఒక పల్లెలో. మీ సినిమా దేని గురించి మాట్లాడుతుందో దానికి మా దగ్గర ముందే మాటలున్నాయి. ఇన్‌ఫార్మర్. కోవర్టు. ఎన్‌కౌంటర్. ఇంగ్లీషు నుంచి వచ్చినవే, కానీ అక్షరం ముక్క రాని మా ముసలమ్మలకు కూడా వాటి అర్థం తెలుసు. ఎన్‌కౌంటర్ అంటే మాకు ఎదురుపడటం కాదు. తెల్లారి పేపర్లో వచ్చే ఒక వార్త. వాళ్లే ముందు కాల్పులు మొదలుపెట్టారు, ఆత్మరక్షణ కోసం పోలీసులు ఎదురుకాల్పులు జరిపారు, ఇద్దరు మృతి. కుక్ కౌంటీ స్టేట్స్ అటార్నీ ఎడ్వర్డ్ హన్రహన్ 1969 డిసెంబర్ 4న విలేకరులకు చెప్పిన కథ ఇదే. చదువుతుంటే అది ఇంగ్లీషని కూడా మరిచిపోయాను.

ఆ కథ ఎలా విడిపోయిందో మా పిల్లలకు బడిలో చెబితే బాగుండును అనిపిస్తుంది నాకు. హన్రహన్ ఆఫీసు కింద పనిచేసే 14 మంది పోలీసులు తెల్లవారుజామున నాలుగున్నర దాటాక ఆ ఇంట్లోకి చొరబడ్డారు. తుపాకీ ఒళ్లో పెట్టుకుని గుమ్మం దగ్గర కాపలా కూర్చున్న 22 ఏళ్ల మార్క్ క్లార్క్ అక్కడే చనిపోయాడు. పాంథర్ల మీద నేరం రుజువు చేయడానికి హన్రహన్ కొన్ని ఫొటోలిచ్చాడు. తలుపుకు పడిన ఈ గుండు రంధ్రాలు లోపలినుంచి కాల్చినవే అన్నాడు. చికాగో ట్రిబ్యూన్ వాటిని అచ్చువేసింది. వేరే పత్రికవాళ్లు వెళ్లి దగ్గరగా చూస్తే అవి మేకుల తలలు. పోలీసులు ఆ ఇంటికి సీలు వేయడం మరిచిపోయారు. పాంథర్లు తలుపులు తెరిచిపెట్టి ఊరిని పిలిచారు. వేలమంది వరుసకట్టి వచ్చారు. నెత్తుటితో తడిసిన పరుపునూ, జల్లెడలా మారిన గోడలనూ కళ్లారా చూసి వెళ్లారు. 1970లో ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ లెక్క తేల్చింది. పోలీసులు కాల్చినవి 82 నుంచి 99 తూటాలు. పాంథర్ల వైపు నుంచి పేలింది ఒకే ఒక్కటి.

మీకు ముందుగా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. ఆ తెల్లవారుజామును మీరు తీసిన తీరుకు. ఏ దర్శకుడైనా కెమెరాను మంచం దగ్గరికి తోసేవాడు. మీరు హ్యాంప్టన్ సహచరి డెబోరా జాన్సన్ ముఖం మీద నిలిపారు. ఎనిమిదిన్నర నెలల గర్భిణి. ఆమెను గదిలోంచి ఈడ్చుకొచ్చారు. వెనక గదిలో ఏం జరుగుతోందో ఆమెకు చెవులతో మాత్రమే తెలుస్తుంది, మాకూ అంతే. తుపాకి పేలింది. మళ్లీ పేలింది. డెబోరాగా నటించిన డొమినిక్ ఫిష్‌బ్యాక్ కనురెప్ప కూడా వేయలేదు. మా అమ్మ కాలపు ఆడవాళ్లు ఇలాంటి చావుల గురించి చెప్పేటప్పుడు కూడా చప్పుళ్లే చెప్పేవాళ్లు. ఏ కుక్క ముందు మొరిగింది, జీపు ఎక్కడ ఆగింది, ఎన్నిసార్లు పేలింది. చూసింది చెప్పడానికి వాళ్లకెప్పుడూ ఏమీ ఉండేది కాదు. ఆ చావు తర్వాత 25 రోజులకు పుట్టిన బిడ్డ, ఫ్రెడ్ హ్యాంప్టన్ జూనియర్, మీ షూటింగులో దగ్గరుండి సలహాలిచ్చారని విన్నాను. ఆ దృశ్యం తీస్తున్న రోజు మీ సెట్టు మీద గాలి ఎలా ఉండి ఉంటుందో ఊహించడానికి నాకు ధైర్యం చాలదు.

రెండో కృతజ్ఞత ఓనీల్ విషయంలో. మా తెలుగు సినిమాలో హీరో వేగు పని చేస్తే దాని వెనక ఒక ఉదాత్తమైన కారణం ఉండి తీరాలి. ‘ఆర్‌ఆర్‌ఆర్’ మీరు చూసే ఉంటారు. అందులో రామ్ తెల్లదొర పోలీసు. ప్రాణస్నేహితుణ్ణి తన చేతులతోనే బంధిస్తాడు. కానీ వెనక్కి వెళ్లి చూస్తే తన ఊరికి తుపాకులు తేవాలన్న తండ్రి ఆశయం ఉంటుంది. మాకు కళ్లనీళ్లు వస్తాయి, చప్పట్లు కొడతాం. మీరు ఓనీల్‌కు అలాంటి తలుపేదీ తెరవలేదు. భయం ఉంది, డబ్బుంది, మంచి హోటల్లో భోజనం ఉంది, అంతే. అయినా చర్చిలో హ్యాంప్టన్ ప్రసంగిస్తుంటే, జనంతోపాటు ఓనీల్ పిడికిలి పైకి లేచినప్పుడు, జనం మధ్యలోంచి ఎఫ్‌బీఐ ఏజెంటు రాయ్ మిచెల్ వాణ్ణి చూస్తున్నప్పుడు, ఆ పిడికిలి నిజమో నటనో మాకు తెలియదు. వాడికి తెలుసా అన్నది కూడా తెలియదు. ఓనీల్‌గా లేకీత్ స్టాన్‌ఫీల్డ్ ఆ ఒక్క నిమిషంలో చేసిన పని నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు.

ఇప్పుడు నా ఫిర్యాదు.

మీరు ఆ పిల్లల వయసు తీసేశారు.

సినిమా తీసే నాటికి హ్యాంప్టన్‌గా నటించిన డేనియల్ కలూయాకు 30. స్టాన్‌ఫీల్డ్ 30కి దగ్గర పడుతున్నాడు. చనిపోయిన రోజు హ్యాంప్టన్‌కు 21. ఓనీల్‌కు 20. కలూయా గొంతులోని ఆ ఊపుకు, ఆ ఆగి ఆగి ఎత్తుకునే తీరుకు ఆస్కార్ ఇచ్చారు, తప్పకుండా ఇవ్వాల్సిందే. కానీ ఆ గంభీరమైన మనిషిని చూస్తున్నంతసేపూ నాకు ఒక నాయకుడు కనబడ్డాడు. 21 ఏళ్ల పిల్లవాడు కనబడలేదు. నిజంగా జరిగింది అంతకంటే ఆశ్చర్యం కదా! మేవుడ్‌లో నల్లపిల్లలు ఈదుకోవడానికి కొలను లేదు, పక్క ఊళ్ల కొలనుల్లోకి రానిచ్చేవారు కాదు. దాని మీద ఊరేగింపులు తీసినప్పుడు అతను ఇంకా టీనేజరు. రెండేళ్లు తిరగకుండానే ప్యూర్టోరికో కుర్రాళ్ల యంగ్ లార్డ్స్‌నూ, కాన్ఫెడరేట్ జెండా కుట్టుకున్న పేద తెల్లవాళ్ల యంగ్ పేట్రియట్స్‌నూ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. బడికి వెళ్లే పిల్లలకు పొద్దున్నే ఉచితంగా టిఫిన్ పెట్టించాడు. మా ఆఫీసులో ఇంటర్న్‌షిప్‌కు వచ్చే పిల్లలది ఆ వయసు. మీటింగు గదిలో పెద్దవాళ్ల ముందు నోరు విప్పడానికే జంకుతారు వాళ్లు.

హ్యాంప్టన్ వయసు పోవడం వల్ల తగ్గింది ఆశ్చర్యం. ఓనీల్ వయసు పోవడం వల్ల తగ్గింది అంతకంటే పెద్దది.

మీ సినిమా మొదట్లో అతను టోపీ పెట్టుకుని, కోటు వేసుకుని, దొంగ ఎఫ్‌బీఐ బ్యాడ్జి చూపించి బార్లో జనాన్ని బెదిరించి కారు కొట్టేస్తాడు. తుపాకీ కంటే బ్యాడ్జికే జనం ఎక్కువ భయపడతారని మిచెల్‌కు వివరిస్తాడు. చేయి తిరిగిన మోసగాడు. చూసేవాడు అక్కడే ఒక నిర్ణయానికి వచ్చేస్తాడు: వీడు ఇలాంటివాడే, వీడి నుంచి ఇంకేం ఆశిస్తాం? నిజ జీవితంలో ఓనీల్ 1966లో కారు దొంగిలించి మిషిగన్ దాకా నడుపుకుపోయినప్పుడు వాడికి 17. రాష్ట్రం సరిహద్దు దాటాడు కాబట్టి అది ఫెడరల్ కేసు అవుతుంది. ఆ ఒక్క దారాన్ని పట్టుకుని మిచెల్ లాగాడు. కేసు సంగతి మరిచిపోదాం, నువ్వు మాకొక పని చేసిపెట్టు. పాంథర్లలో చేరేనాటికి 19. కొన్ని నెలల్లో సెక్యూరిటీ బాధ్యత వాడి చేతికే వచ్చింది. 1989లో ‘ఐస్ ఆన్ ద ప్రైజ్’ డాక్యుమెంటరీ సిరీస్ వాళ్లకు ఇచ్చిన ఇంటర్వ్యూలో, ఆ రోజుల్లో మిచెల్ తనకు ఆదర్శంగా కనిపించాడనీ, అతని ఇంటికి వెళ్లేవాడిననీ చెప్పాడు ఓనీల్. ఆ మాట 28 ఏళ్ల మనిషి నోట్లో పెడితే ఒక రకంగా వినిపిస్తుంది. ఒక పెద్దమనిషి భుజం మీద చెయ్యి వేస్తే కరిగిపోయే వయసున్నవాడి నోట్లో పెట్టి చూడండి.

నేను ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్పాలి.

1980ల చివర మా ఊళ్లో ఒక పిలగాడు ఉండేవాడు. మా ఇంటికి రెండిళ్ల అవతల. బావి దగ్గర కరెంటు మోటారు స్టార్టరు ఎత్తుకుపోయి దొరికాడు. స్టేషన్‌కు తీసుకుపోయారు. మూడో రోజు దెబ్బలేమీ లేకుండా ఇంటికొచ్చాడు, ఊరంతా వింతగా చెప్పుకుంది. తర్వాత వాడికి కొత్త ప్యాంటు వచ్చింది, చేతికి వాచీ వచ్చింది. మాకు, చిన్నపిల్లలకు, సోడాలు కొనిపెట్టేవాడు. రాత్రిపూట అన్నలు, అంటే నక్సలైట్లు, ఎవరింట్లో అన్నం తిన్నారో తెలుసుకోవడానికి వాడు ఎంతమందికి సోడాలు కొనిపెట్టాడో నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. ఒక పొద్దున చెరువు కట్ట మీద కనబడ్డాడు. చొక్కా గుండీకి చీటీ గుచ్చి ఉంది. పోలీసులు ఒకరోజు వచ్చి పోయారు. వాణ్ణి పనికి పెట్టుకున్నవాళ్లెవరూ ఆ తల్లి గడప తొక్కలేదు. చంపినవాళ్లు కూడా. ఊళ్లోవాళ్లు ఇన్‌ఫార్మర్ తల్లి అన్నారు, ఆ పేరే ఉండిపోయింది. ఆమె మా అమ్మ దగ్గరికి వచ్చి కూర్చుని ఒకటే మాట అనేది: “ఇన్‌ఫార్మరంటరు గదక్కా. వానికి మీసం గూడ రాలే.”

మీ సినిమాలో నేను వెతుక్కున్నది ఆ మీసం రాని ముఖాన్ని.

ఓనీల్ చేసినదాన్ని మాఫీ చేయమని అడగడం లేదు. ఆ ఇంటి ప్లాను వాడే గీసిచ్చాడు. హ్యాంప్టన్, డెబోరా పడుకునే మంచం ఎక్కడుందో అందులో ఉంది. ఆ రాత్రి హ్యాంప్టన్‌కు మత్తుమందు ఇచ్చారా, ఇస్తే ఎవరిచ్చారు అన్నదాని మీద వాదం నడిచింది. ఓనీల్ తానివ్వలేదన్నాడు. మీరు సినిమాలో వాడి చేతికే ఇచ్చారు. సరే, కథకుడిగా ఆ హక్కు మీకుంది. ప్లాను ఒక్కటి చాలు వాణ్ణి ద్రోహి అనడానికి. హ్యాంప్టన్ కుటుంబం వాడి పేరును ఎలా పలికినా నేను కిమ్మనను. ప్రేక్షకుల మాట వేరు. మేము సినిమా అయ్యాక ఎవరిమీద కోపంతో లేస్తున్నామన్నది పట్టించుకోవాలి.

అందుకే మీ టైటిల్ నన్ను వెంటాడింది. అందులో రెండో సగం ఎక్కడిదో మీకు నాకంటే బాగా తెలుసు. 1968 మార్చి 4న ఎఫ్‌బీఐ డైరెక్టర్ జె. ఎడ్గార్ హూవర్ ఆఫీసు నుంచి వెళ్లిన కాగితంలోది. నల్లవాళ్లను ఏకం చేయగల ఒక మెస్సయ్య పుట్టకుండా చూడాలన్నది అందులో ఒక లక్ష్యం. సరిగ్గా నెల తిరిగేసరికి మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. ఆ కాగితంలో హ్యాంప్టన్ పేరు లేదు. అప్పటికి అతనికి 19, ఆ పేరు అక్కడెవరికీ తెలిసి ఉండదు. కుర్చీ ముందే వేసిపెట్టారు, ఎవరు కూర్చుంటే వాళ్లను చంపడానికి. మెస్సయ్య అన్నది హూవర్ మాట. మెస్సయ్య ఉంటే యూదా ఉండాలి, అలా మొదటి సగం వచ్చి చేరింది. హత్య చేయించినవాళ్ల మాటతో సినిమాకు పేరు పెట్టినప్పుడు వాళ్లే ఆ పేరులోంచి తప్పించుకున్నారు.

నేను సండే స్కూలుకు వెళ్లి పెరిగినదాన్ని. ఇస్కరియోతు యూదా కథలో చిన్నప్పుడు నాకు అందరికంటే భయం వేసింది యూదాను చూసి కాదు, ప్రధాన యాజకులను చూసి. వాడు పశ్చాత్తాపపడి ముప్పై వెండి నాణాలూ తెచ్చి విసిరేస్తే, అది మాకేం సంబంధం అంటారు వాళ్లు. కానీ వాళ్లకు కూడా ఒక సంకోచం ఉంది. అది రక్తం వెల, ఆలయం ఖజానాలో కలపకూడదని తర్జనభర్జన పడతారు. పరదేశులను పాతిపెట్టడానికి ఒక పొలం కొంటారు. చికాగోలో ఆ సంకోచం కూడా లేదు. దాడి జరిగిన కొద్దిరోజులకే ఓనీల్‌కు 300 డాలర్ల బోనస్ ఇవ్వడానికి అనుమతి కోరుతూ కాగితం పైకి వెళ్లింది. మంజూరైంది. ఫైల్లో పెట్టారు. ముప్పై నాణాలకు రసీదు రాసుకున్న ఆఫీసు అది.

మీ ఇద్దరు నటులనూ అకాడమీ సహాయ నటుల విభాగంలోనే నామినేట్ చేసినప్పుడు, ఇద్దరూ సహాయ పాత్రలైతే ప్రధాన పాత్ర ఎవరిదని చాలామంది అడిగారు. నా జవాబు నేను చెప్పుకున్నాను. ప్రధాన పాత్ర మిచెల్ కూర్చున్న బల్ల. ఆ బల్లకు ఇటువైపు ఓనీల్ కూర్చుంటే అటువైపు హూవర్ దాకా వరుసగా కుర్చీలున్నాయి. మిచెల్‌గా జెస్సీ ప్లెమన్స్ మెత్తగా మాట్లాడుతూ, పాంథర్లూ కూ క్లక్స్ క్లాన్ ఒకటే అని చెప్పే ఆ దృశ్యాలు మీ సినిమాలో బలమైనవి. హూవర్ ఎదురుగా వాడికి నోరు పడిపోయే చోట ఒక క్షణం జాలి కూడా కలుగుతుంది. కానీ బల్లకు ఇటువైపున్నది పెద్దవాడైతే అది బేరం. పిల్లవాడైతే అది వేరే నేరం. ఆ నేరానికి ఈ దేశపు చట్టంలో కూడా పేరు లేదనుకుంటాను, మా దగ్గరా లేదు.

ఏ పోలీసుకూ శిక్ష పడలేదు. హన్రహన్ మీద పెట్టిన కేసు 1972లో కొట్టేశారు, అదే ఏడాది ఎన్నికల్లో మాత్రం జనం ఓడించారు. బతికినవాళ్లూ, చనిపోయినవాళ్ల కుటుంబాలూ పన్నెండేళ్లు కోర్టులచుట్టూ తిరిగాక 1982లో నగరం, కౌంటీ, కేంద్ర ప్రభుత్వం కలిసి 18 లక్షల 50 వేల డాలర్లు ఇచ్చాయి. ఓనీల్ సంగతి 1973లో బయటపడింది. పేరు మార్చి కాలిఫోర్నియా పంపారు. మళ్లీ వచ్చాడు. 1989లో కెమెరా ముందు కూర్చుని తన కథ చెప్పాడు. ఆ సిరీస్ ప్రసారం మొదలైన రోజునే చనిపోయాడు. నలభై ఏళ్లు. ఆ పాత ఇంటర్వ్యూతో మీరు సినిమా ముగించారు. అసలు ఓనీల్ ముఖం తెర మీదకి వచ్చినప్పుడు నేను లేచి దగ్గరగా వెళ్లి చూశాను. ఆ కళ్లలో పశ్చాత్తాపం ఉందా అని అందరూ వెతుకుతారట. నేను ఆ తల్లి అడిగినదే వెతికాను. ఆ ముఖం కింద 17 ఏళ్ల ముఖం ఏమైనా మిగిలిందా అని.

మేము ఈ దేశానికి రాగలిగింది 1965 వలస చట్టం వల్ల. పౌరహక్కుల పోరాటం వేడిలో పుట్టిన చట్టం. నల్లవాళ్లు తెరిపించిన తలుపులోంచి నడిచొచ్చి, వాళ్ల పేటల్లోంచి పోయే రోడ్డు మీద కార్ల అద్దాలు ఎత్తుకుని పోతున్నాం. మా తెలుగువాళ్ల కూడికల్లో నల్లవాళ్ల గురించి వినిపించే కొన్ని మాటలు నాకు తెలుసు. వాటిని నేనూ విని ఊరుకున్నాను, చాలాసార్లు. ఇది మీకు చెప్పుకోవలసిన బాకీ.

మా అబ్బాయికి ఇప్పుడు 17. కిందటి నెల మీ సినిమా వాడితో కలిసి మళ్లీ చూశాను. అయిపోయాక వాడు అడిగింది ఒకటే. “అమ్మా, కారు కొట్టేసినందుకు నిజంగా ఎన్నేళ్లు వేస్తారు?” నాకు తెలియదన్నాను. ఓనీల్‌కూ తెలిసి ఉండదు.

ఆదివారం వాణ్ణి డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టాను. ముందు మేవుడ్‌లో దిగాం. హ్యాంప్టన్ పేరు పెట్టిన ఈతకొలను ఉంది, అతని విగ్రహం ఉంది. మావాడు ఆ విగ్రహం పక్కన నిలబడితే భుజాలు ఇంచుమించు ఒకలాగే ఉన్నాయి. మళ్లీ ఐక్ ఎక్కాం. వెస్టర్న్ అవెన్యూలో దిగి మన్రో స్ట్రీట్‌కు వెళ్లాం. పాత ఇల్లు కూల్చేశారు, అక్కడ వేరే ఇల్లుంది, ఎవరో కాపురం ఉంటున్నారు. మెట్ల మీద పిల్లల సైకిలు పడి ఉంది. మావాడు కారు ఆపాడు గానీ ఇంజను ఆపలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని ఆ ఇంటిని చూస్తూ కూర్చున్నాడు. నేను వాణ్ణి చూస్తూ కూర్చున్నాను. పై పెదవి మీద నూగు ఇప్పుడిప్పుడే కనబడుతోంది.

కాసేపటికి ఇండికేటర్ వేసి, అద్దంలో వెనక్కి చూసుకుని, నెమ్మదిగా రోడ్డు మీదికి తిప్పాడు. ఇంటిదాకా వాడే నడిపాడు.

మీ ప్రేక్షకురాలు,
నేపర్‌విల్, ఇల్లినాయ్